హస్తవాసి

“నాతోని కాదు బిడ్డా. వేరే ముచ్చట ఏమన్న ఉంటె చెప్పు.”

మాణిక్యమ్మ తలెత్తలేదు. చాటలోని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఉంది. పక్కింటి కరుణ మెట్టు మీద నుంచి కదల్లేదు. నెలలు నిండాయి. కూర్చున్నా ఆయాసమే.

“ఎందుకు కాదు పెద్దమ్మా? మణెమ్మ అంత చెప్పింది. మీ ఊళ్ళె సగం మంది నీ చేతుల మీదనే పుట్టిన్రట.”

కూరగాయల బండి మణెమ్మ పుట్టిల్లు కందుకూరు పక్కన పల్లె. మాణిక్యమ్మదీ ఒకప్పుడు ఆ ఊరే. మణెమ్మ పెళ్ళయి ఇబ్రహీంపట్నం వచ్చేసినా, మాణిక్యమ్మ హస్తవాసి గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెబుతుంది. ఆమె పట్టిన కాన్పుల్లో ఒక్క తల్లి కూడా పోలేదని ఒట్టేసి మరీ అంటుంది. కరుణ ఆ మాటే పట్టుకుంది.

“కండ్లు కనిపిస్తలేవు,” అంది మాణిక్యమ్మ.

“మొన్న సూదిల దారం ఎక్కిస్తుంటే చూసిన.”

“చేతులు వణుకుతున్నయ్.”

కరుణ ఆ చేతుల వంక చూసింది. కొస నుంచి కొస దాకా ఈనె తెగకుండా ఒక్క లాగుకే వస్తోంది.

“డిగ్రీ చదివిన పిల్లవు. దవాఖానకు పోనికి ఏమైంది నీకు?”

కరుణ తల దించుకుంది. “పెద్దోడప్పుడు పట్నంల దవాఖానకే పోయిన. అమ్మను లోపలికి రానియ్యలే. పర్ద లేదు, ఏం లేదు. వచ్చేటోళ్ళు వస్తున్నరు, పోయేటోళ్ళు పోతున్నరు. ఓర్సుకోలేక అరిస్తే ఆయమ్మ తొడ మీద చరిచింది. ‘అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే’ అన్నది. పక్క మంచాలోళ్ళు నవ్విన్రు పెద్దమ్మా. కొడుకు మొకం మొదలు చూసినప్పుడు ఎట్లుండెనో నాకు యాది లేదు. గా మాటనే యాదికున్నది.”

మాణిక్యమ్మ చేతులు ఆగాయి.

“దెబ్బ మానుతది. మాట మానదు,” అంది మెల్లగా. “అయినా దవాఖానకే పోవాలె. నేను నీ వెంట వస్త. లోపలికి గూడ వస్త. నీ చెయ్యి ఇడువ. ఇగ గంతే.”

అంతలో వాకిట్లో స్కూటీ ఆగింది. భవాని కాలేజీ నుంచి వచ్చింది. “అమ్మా, ఆకలైతుంది!” అంటూ చాట పక్కనే కూలబడింది. మాణిక్యమ్మ గబగబా లేచి లోపలికి పోయింది. లేకలేక పుట్టిన పిల్ల కాబోలు, ఆమెకు భవానే లోకం. ఆ పిల్ల కాస్త దగ్గినా డాక్టరు దగ్గరికి లాక్కుపోయేది.

మాణిక్యమ్మ భయం దేనికో కరుణకు అర్థమైందనిపించింది. ఇంట్లో కాన్పు చేస్తే ఆశా వర్కర్లు నిలదీస్తారు, ఊరంతా మాటలంటుంది. అంతకు మించి ఇంకేముంటుంది? ఆపద ముంచుకొస్తే మాత్రం కాదంటుందా? కరుణ మనసులో ఒక నిర్ణయానికి వచ్చింది.

ఆ వారమే నొప్పులు మొదలయ్యాయి. కరుణ పళ్ళు బిగబట్టి వంట చేసింది. భర్త తిరుమల్ డబ్బా పట్టుకుని ఆదిబట్లలో డ్యూటీకి పోతుంటే నవ్వుతూ సాగనంపింది. మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, ఇక ఎక్కడికీ పోయే వీలుండదనుకున్నాక గోడ అవతలికి కేకేసింది.

మాణిక్యమ్మ వచ్చి కడుపు మీద చెయ్యి వేసి చూసింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎప్పటిసంది?”

“పొద్దుగాల్నుంచి.”

“కావాల్నని ఆగినవ్.”

“ఇగ టైము లేదు పెద్దమ్మా. నువ్వే చెయ్యి. నీ కాల్మొక్త.”

“ఉన్నది టైము. భవానీ, ఆటో పిలువ్!” వీధి వీధంతా వినపడేలా అరిచింది మాణిక్యమ్మ.

ఆటోలో కరుణ ఆమె ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. “నిన్ను నమ్మిన. నన్ను మళ్ళ గసొంటి జాగకే తీస్కపోతున్నవ్.”

“తిట్టు బిడ్డా. మస్తు తిట్టు. ఊపిరి మాత్రం మెల్లగ ఇడువు.”

ఇబ్రహీంపట్నం దవాఖానలో కాన్పుల గది తలుపు దగ్గర అక్కడి ఆయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “పెద్దమనిషీ, నువ్వు బయటనే ఉండు.”

“ఈమె చెయ్యి ఇడువనని మాటిచ్చిన,” అంది మాణిక్యమ్మ. గొంతు పెంచలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. లోపలున్న సిస్టరమ్మ కరుణ ముఖం చూసింది. “రానియ్యి. ఒక్కరు తోడుండొచ్చు,” అని పరదా లాగింది.

నొప్పికి కరుణ కేక పెట్టింది.

“ఏందమ్మా గా అరుపులు?” అంది ఆయమ్మ.

“అరవనియ్యి తల్లీ. నొప్పి ఆమెది.”

ఆయమ్మ పక్కకు తప్పుకుంది.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. కరుణ ఆ ముఖాన్ని కరువుతీరా చూసుకుంది. అంతలో సిస్టరమ్మ గట్టిగా డాక్టరమ్మను పిలిచింది. నెత్తురు ఆగడం లేదు. గదిలో అందరూ ఒక్కసారిగా కదిలారు. ఒకరు సూది వేశారు, ఒకరు సెలైన్ ఎక్కించారు. కరుణకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒక్కటే తెలుస్తోంది. తన చేతిని పట్టుకున్న చెయ్యి గడగడా వణుకుతోంది.

చాలాసేపటికి నెత్తురు కట్టింది. “ఇంట్ల అయ్యుంటే మేము గూడ ఏం చెయ్యలేకపోదుం,” అంది డాక్టరమ్మ, నుదుటి చెమట తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున తిరుమల్ టిఫిన్ తేవడానికి పోయాడు. భవాని పసిదాన్ని ఎత్తుకుని వరండాలో లేత ఎండకు నిలబడింది. కరుణ మాణిక్యమ్మ వైపు తిరిగింది.

“నిన్న నీ చెయ్యి నిజంగనే వణికింది పెద్దమ్మా. గంతమంది తల్లులను ఒడ్డుకేసినవ్. ఒక్కరు గూడ పోలేదంటరు. మరి గంత భయమెందుకు?”

“మణెమ్మ అబద్ధం చెప్పలే,” అంది మాణిక్యమ్మ. “ఆమె ఊళ్ళె ఉన్నన్ని దినాలు ఎవ్వలు పోలే. నేను పట్టిన ఆఖరి కాన్పు ఆమె చూడలే.”

వరండాలో భవాని పసిదానితో ఏదో మాట్లాడుతూ నవ్వుతోంది. మాణిక్యమ్మ అటు చూసింది.

“భవాని నా బిడ్డ కాదు, నా బిడ్డ బిడ్డ.”