దొరగారి వికెట్

మొదటి బంతికే మధ్య వికెట్ ఎగిరి వెనక్కి పడింది.

"నోబాల్," అన్నాడు అంపైర్ జేబెజ్.

బౌలర్ ఎనక్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. పక్క ఊళ్లో మాంసం కొట్టు అతనిది. "నోబాల్ అని బంతి వేసేటప్పుడు అరవాలి. వికెట్ పడ్డాక కాదు."

"దగ్గొచ్చింది. తగ్గాక అరిచాను."

బ్యాట్ చంకలో పెట్టుకుని అప్పుడే నడక మొదలెట్టిన సర్ మార్టిమర్ ఆగాడు. "నేను ఔట్ కాదా?"

"కాదు దొరగారూ. వచ్చి ఆడండి."

1931 సీజన్లో అది ఆఖరి శనివారం. థార్న్‌బెక్ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క మైదానం సర్ మార్టిమర్‌ది. దాని మీద ఇళ్లు కట్టే కాంట్రాక్టర్ కన్ను పడింది. ఏప్రిల్లో వచ్చి కొలుచుకుపోయాడు కూడా. ఊరు లబోదిబోమంటే దొర నవ్వి, "ఈ ఏడు నా ఆటను బట్టి తేలుస్తాను," అన్నాడు.

ఆయన ఆట ఊరందరికీ తెలిసిందే. పొయ్యిలో బొగ్గులు కెలికినట్టు ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఏ జట్టు అంపైర్‌ను ఆ జట్టే తెచ్చుకుంటుంది. అందుకని గుర్రపు జీనులు కుట్టుకునే జేబెజ్‌కు ఊరంతా కలిసి ఒకటే పని అప్పగించింది. దొర సంతోషంగా ఉండాలి. మే నుంచీ ఆయన ఒక్క ఆటలోనూ పరుగు చేయకుండా వెనక్కి పోలేదు.

రెండో బంతి వికెట్ల ముందు దొర కాలికి తగిలింది. పక్క ఊరి జట్టు మొత్తం అరిచింది.

"ఎత్తుగా పోతోంది," అన్నాడు జేబెజ్.

"చీలమండకు తగిలిన బంతి ఎత్తేంటయ్యా? దొరగారు దిబ్బ మీద గానీ నిలబడ్డారా?"

"మా నేల సంగతి నీకు తెలీదు."

మూడో బంతి గాల్లోకి లేచింది. ఎనక్ తనే పరుగెత్తి పట్టుకుని, దాన్ని జేబెజ్ ముక్కు కింద పెట్టాడు. "ఇప్పుడు చెప్పు."

"కుక్క అడ్డొచ్చింది. ఆ బంతి చెల్లదు."

"ఏ కుక్క?"

"వెళ్లిపోయింది."

నాలుగో బంతికి దొర కళ్లు మూసుకుని బ్యాట్ ఊపాడు. అంచుకు తగిలి బంతి హద్దు దాటింది. నాలుగు పరుగులు. ఊరంతా టోపీలు ఎగరేసింది. ఆ తర్వాతి బంతికి వికెట్లు చెల్లాచెదురైతే జేబెజ్ దర్జాగా వేలెత్తాడు.

"చూపొచ్చిందన్నమాట," అన్నాడు ఎనక్.

డేరాలో దొరసాని లేడీ హెస్టర్ టీ పోస్తోంది. సీజనంతా ఆవిడ జేబెజ్‌ను చూసి ముఖం ముడుచుకుంటూనే ఉంది. ఇవాళ కప్పు కూడా విసురుగా పెట్టింది.

"అమ్మగారూ, ఇక మైదానం మా ఊరి చేతిలోనే ఉంటుంది కదండీ?"

"ఉండదు. సోమవారం కాంట్రాక్టర్ చేతికి పోతుంది."

జేబెజ్ నోట్లో కేకు ముక్క ఆగిపోయింది. "అదేంటమ్మా? దొరగారు ఈ ఏడంతా ఒక్కసారి కూడా సున్నాకి ఔట్ కాలేదే."

"నీ పుణ్యమా అని. మీ ఊరి పక్షాన ఆయనతో పోట్లాడింది నేనొక్కదాన్నే," అంటూ ఆవిడ కెటిల్ కింద పెట్టింది. "ఒక్కసారి సున్నాకి ఔటైనా మైదానం ఊరికి రాసిచ్చేస్తానని నాతో పందెం కాశారు."