నా అనేవాళ్ళు

"ఆస్పత్రిలో దిక్కులేని రోగుల చెయ్యి పట్టుకుని కూర్చునేది మా అమ్మ. అయినవాళ్ళున్న రోగుల దగ్గరికి వలంటీర్లని పంపకూడదని రూలు పెట్టిందీ అమ్మే!"

సంస్మరణ సభలో గర్వంగా చెప్పాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

వేదిక దిగగానే అమ్మతో పనిచేసిన వలంటీరు ఎదురొచ్చింది. "మీరు ఆవిడ కన్నకూతురేనా?"

"అవునమ్మా. పని ఒత్తిడి, ఆఖరి వారం రాలేకపోయాను. మీరంతా పక్కనే ఉన్నారటగా, ఎంత అదృష్టవంతురాలో!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నాలుగు రోజులు మీకోసం గుమ్మంకేసే చూసిందమ్మా. మేం కూర్చుంటామంటే రూలు రూలేనంది. ఐదోనాడు వలంటీరు కోసం రోగులు పెట్టుకునే దరఖాస్తు తెమ్మంది. ‘పిల్లలు’ అన్నచోట ‘లేరు’ అని రాశాకే నన్ను చెయ్యి పట్టుకోనిచ్చింది."