రాసినవారు

శీర్షిక వచ్చింది. తేదీ వచ్చింది. ‘రాసినవారు’ అన్న గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

నొహేలియా కంప్యూటర్‌లో టెంప్లేట్‌ను మళ్లీ సరిచూసింది. వెబ్‌పేజీలో ఏ ముక్క ఎక్కడుందో ఒకసారి చూపిస్తే చాలు, ఆ పత్రికలోని వ్యాసాలన్నిటినీ అది అలాగే కత్తిరించి దాచిపెడుతుంది. కానీ పేజీలో లేని పేరును ఎక్కణ్నుంచి తెస్తుంది?

పెనం మీద బాలియాదా రొట్టె మాడుతోంది. ఆమె లేవలేదు.

గుమ్మంలో రెనాన్ నవ్వాడు. పత్రిక యజమాని మేనల్లుడతను.

“ఎంత గాలించినా దొరకదు టీచరమ్మా. పేరు అన్నిట్లోనూ తీయించేశాం. ఓస్మిన్ మా విలేకరే కాదు. రేపు కోర్టులోనూ అదే చెబుతాం.”

“మరి నా మొగుణ్ని ఎందుకు కాల్చారు?”

“నన్నడిగితే? ఏ తాగుడు గొడవో.”

“కాఫీ ఘాటుగా ఉంటేనే తల తిరిగేది ఆయనకు. నీకు తెలియదూ?”

ఆనకట్ట కింద మునిగే పొలాలకు దొంగ పట్టాలు పుట్టించినవాళ్ల గురించిన వ్యాసాలవి. ఓస్మిన్ పేరుతో వచ్చాయి.

“సర్కారు బడి టీచరు మీరు. పత్రికల జోలికొస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా, ఇవి ఆయనే రాశాడని రుజువేంటి?”

నొహేలియా మౌస్ అందుకుంది. పేజీ వెనకున్న కోడ్ తెరిచింది. పాఠకులకు కనబడకుండా, వెతికే యంత్రాల కోసం పేజీ వివరాలు రాసిపెట్టేది అక్కడే. ఒక్కో వరుసా చూసుకుంటూ దిగింది.

రచయిత: ఓస్మిన్ పోసాస్.

గడిని ఆ వరుసకు కలిపింది. పేరు వచ్చి కూర్చుంది. తర్వాతి వ్యాసంలోనూ వచ్చింది. ఆ తర్వాతి దాంట్లోనూ.

“బడిలోనూ నీకిదే అలవాటు రెనాన్. బోర్డు తుడవమంటే చెయ్యి అందినంత మేరకే తుడిచేవాడివి.”

అతని ముఖం పాలిపోయింది. “పోయినవాడి పేరు పట్టుకుని ఏం సాధిస్తావు?”

“ఈ పేరు చూసే కాల్చారు. ఈ పేరే నిలబడుతుంది. దమ్ముంటే మీ మామను కోర్టుకు రమ్మను.”

రెనాన్ ఫోను తీస్తూ మెట్లు దిగాడు. ఆలస్యమైపోయింది. వ్యాసాలన్నీ అప్పటికే రాజధాని తెగుసిగాల్పాలోని తన లాయరుకు ఆమె పంపేసింది.

ఆమె పొయ్యి ఆర్పి, చివరి వ్యాసం దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంది.

ఆ వ్యాసాల్లో ప్రతి వాక్యమూ రాసింది ఆమె. ఓస్మిన్ ఇచ్చింది పేరొక్కటే.