పాతిక దాటకూడదు

థర్మామీటరు నలభై ఆరు చూపిస్తోంది. రిటైరైన స్టేషన్ మాస్టరు గ్రీన్‌హౌస్ గుమ్మంలో నిలబడి, తలలు వాల్చేసిన టమాటా నారును చూశాడు. ముప్పయ్యేళ్లు రైళ్లను నిమిషం తప్పకుండా పంపిన మనిషి, పదకొండింటికి ఒక్క కిటికీ తెరవడం మరచి కునుకు తీశాడు.

భార్య తన చెల్లెలి ఇంటికి వెళ్లి ఒక్కరోజే అయింది. వెళ్తూ వెళ్తూ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"చలి ఇంకా పోలేదు. పొద్దున పది డిగ్రీలకు తగ్గితే హీటరు వెయ్యండి. ఎండెక్కితే కిటికీ తియ్యండి. పాతిక దాటకూడదు. నారు కాస్త బక్కగానే ఉంది, అయినా జాగ్రత్త."

పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె తన మొక్కలను అతని చేతికి వదలడం ఇదే మొదటిసారి. అది తలచుకుంటే అతనికి ఏడుపొక్కటే తక్కువ.

వీధి చివర నర్సరీలో ఎన్నడూ అడుగుపెట్టనివాడు, ఆ పూట చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లాడు.

"టమాటా నారు ఒక ట్రే కావాలి."

"అయిపోయిందండీ. ఆ మూలది వేరేవాళ్లది."

"వాళ్లెప్పుడొస్తారు?"

"పది రోజులన్నారు."

"వచ్చాక, ఎండకు పోయిందని చెప్పండి. నా కాపురం నిలబెట్టండి మహానుభావా."

నర్సరీ ఆయనకూ భార్య ఉంది. ట్రే ఇచ్చేశాడు.

స్టేషన్ మాస్టరు తలుపుకు టైంటేబుల్ అంటించాడు. ఆరున్నరకు హీటరు, పది యాభైకి కిటికీ, మూడు నలభైకి మూత. ఆలస్యానికి కారణం రాయడానికి ఒక గడి కూడా గీశాడు. ఆ గడి చివరిదాకా ఖాళీగానే ఉంది.

పదోరోజు భార్య వచ్చి, సంచి కింద పెట్టకుండానే గ్రీన్‌హౌస్‌లోకి వెళ్లింది. నారును చాలాసేపు చూసింది.

"ఇంత ఏపుగా ఎలా ఎదిగిందండీ?"

"టైము ప్రకారం," అన్నాడు.

ఆమె టైంటేబుల్ మొత్తం చదివింది. ఖాళీ గడి దగ్గర ఆమె కళ్లు చెమర్చాయి. నర్సరీ దాకా వెళ్లొస్తానని బయలుదేరి, పది నిమిషాల్లో ఉత్తచేతులతో తిరిగొచ్చింది.

"అక్కడ ఒక ట్రే మొత్తం ఎండకు పోయిందట."

అతను థర్మామీటరు వైపు తిరిగాడు. "అయ్యో. ఎవరిదో, పాపం."

ఆమె స్టూలు మీద కూలబడింది.

"మిమ్మల్ని నమ్మలేక నా మంచి నారంతా అక్కడే దాచి వెళ్లానండీ."