నత్తమ్మ

“మళ్ళీ విప్పుతున్నావా!”

సూపర్‌వైజరమ్మ అరుపుకి లైనులో ఇరవై కుట్టుమిషన్లూ ఒక్క క్షణం ఆగాయి.

కొత్తగా చేరిన ఆవిడ తలెత్తింది. యాభై దాటిన మనిషి. ఒళ్ళో చొక్కా కాలరు, చేతిలో చిన్న కత్తెర.

“కుట్టు వంకర పోయిందండీ.”

“అందరూ గంటకి ముప్పై కాలర్లు కుడుతుంటే నువ్వు పద్దెనిమిది. ఇంతకీ కుట్టడానికి వచ్చావా, విప్పడానికి వచ్చావా?”

లైనంతా గొల్లుమంది. ఆవిడకి నత్తమ్మ అని పేరు పెట్టింది వీళ్ళే. నవ్వనిది ఒక్కతే. అది సూపర్‌వైజరమ్మ చెల్లెలు, నత్తమ్మ పక్క మిషన్ దగ్గరే కూర్చుంటుంది.

అసలే సూపర్‌వైజరమ్మకి కడుపు కాలుతోంది. ఈస్టరుకి ముందొచ్చే నలభై శ్రమదినాలు మొదలైన దగ్గర్నుంచి ఆవిడ మధ్యాహ్నం అన్నం ముట్టడం లేదు. లంచ్ బెల్ కొట్టగానే స్టోర్‌రూంలోకి వెళ్ళి, గుడ్డ తానుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఒకటే ప్రార్థన.

“ప్రభువా, నా చెల్లి చెయ్యి బాగుచెయ్యి.”

మొగుడు పోయినప్పటినుంచి చెల్లెలి కుడిచెయ్యి వణుకుతోంది. ఏ కాలరు కుట్టినా వంకరే. అవతల ఆర్డర్లు పడిపోయి ఫ్యాక్టరీ ఈసురోమంటోంది. లైనుకి ఒకరిని తీసేస్తారని గుసగుసలు. ఈ ఉద్యోగం కూడా పోతే చెల్లెలు ఇద్దరు పిల్లల్ని ఎలా పెంచుతుంది?

ప్రార్థన ఊరికే పోలేదు. ఉపవాసం పట్టిన రెండో వారం నుంచి చెల్లెలు కుట్టి బుట్టలో వేసినవాటిలో ఒక్క కాలరు కూడా చెకింగ్ టేబుల్ నుంచి వెనక్కి రాలేదు! సూపర్‌వైజరమ్మ చర్చిలో నిలబడి, దేవుడు చెల్లి చెయ్యి బాగుచేశాడని కళ్ళు తుడుచుకుంటూ సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ సంతోషాన్ని నత్తమ్మ దక్కనిస్తేగా!

రోజూ లైను లెక్క తక్కువే. రోజూ మేనేజరు చేత చీవాట్లే. ఈ నలభై రోజులూ నోరు జారకూడదని సూపర్‌వైజరమ్మ గట్టిగా తీర్మానించుకుంది. నత్తమ్మ పుణ్యమా అని ఆ తీర్మానం రోజుకి నాలుగుసార్లు మంటగలుస్తోంది. ఆత్మలో ఎదగండి అన్నారు పాస్టరుగారు. ఎదుగుతున్నది మాత్రం బీపీ.

ఒకరోజు కోపం దిగమింగుకుని మెత్తగానే పిలిచింది.

“లంచ్‌లో నాతో ప్రార్థనకి రామ్మా. దేవుడు నీ చేతికి కాస్త వేగం ఇస్తాడేమో.”

“పనుందండీ,” అంది నత్తమ్మ.

“లంచ్‌లో ఏం పని?”

నత్తమ్మ ఇంకో కాలరు విప్పడం మొదలుపెట్టింది.

ప్రార్థనకి పిలిస్తే పనుందట! సూపర్‌వైజరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నం మోకాళ్ళ మీద కూర్చుని కూడా దేవుడికి నత్తమ్మ మీద చాడీలే చెప్పింది.

“ఇంకెన్నాళ్ళు భరించను ప్రభువా? నావల్ల కాదు.”

శనివారం మేనేజరు పిలిచాడు.

“మీ లైన్లోంచి ఒక పేరు రాసివ్వండి. ఇప్పుడే.”

ఆలోచించడానికి ఏముంది కనక? సూపర్‌వైజరమ్మ అక్కడే నిలబడి చీటీ రాసిచ్చింది.

నత్తమ్మ కత్తెర అప్పగించింది. “జాగ్రత్తమ్మా,” అని చెల్లెలి భుజం తట్టి వెళ్ళిపోయింది. చెల్లెలు ఏదో అనబోయి, అక్కని చూసి మళ్ళీ మిషన్ మీదకి వంగింది.

‘పీడ విరగడైంది’ అనుకుంది సూపర్‌వైజరమ్మ. మర్నాడు మట్టల ఆదివారం, చర్చిలో అందరికంటే గట్టిగా పాడింది.

సోమవారం సాయంత్రం, చెకింగ్ టేబుల్ దగ్గర్నుంచి చెల్లెలి బుట్ట వెనక్కి వచ్చింది. సగానికి సగం కాలర్లు వంకరే.

“ఏమిటే ఇది? దేవుడు బాగుచేసిన చెయ్యి కదే! మళ్ళీ ఏమొచ్చింది?”

చెల్లెలు చెయ్యి చాపింది. అది వణుకుతూనే ఉంది.

“ఇది ఎప్పుడు బాగైందక్కా? నీ కంటపడకుండా కొంగులో దాచుకున్నాను, అంతే.”

“మరి ఇన్నాళ్ళూ బుట్ట...”

“నువ్వు తీసేయించిన ఆమే, తన పని పక్కనపెట్టి నావన్నీ విప్పి కుట్టేది. లంచ్‌లో అన్నం కూడా తినకుండా.”

సూపర్‌వైజరమ్మ పక్కనున్న ఖాళీ మిషన్ వంక చూసింది.

“శనివారం ఒక్క మాట చెప్పి చావలేకపోయావా!”

“చెబితే నన్ను తీసేస్తారని భయమేసిందక్కా.” చెల్లెలు వెక్కివెక్కి ఏడ్చింది. “పాపిష్టిదాన్ని. అంతకుముందు చెబుదామంటే ఆమే వద్దంది.”

“ఎందుకట?”

“‘మీ అక్క తిండి మానేసి మరీ నీకోసం మొక్కుకుంటోంది. దేవుడు వినలేదని తెలిస్తే పాపం తట్టుకోలేదు, తెలియనివ్వకు’ అంది.”

దేవుడు వినకేం, విన్నాడు; విని పంపిన మనిషి పేరునే సూపర్‌వైజరమ్మ తన చేత్తో రాసి మేనేజరుకి ఇచ్చేసింది.