కంధార్‌కు మేనత్త చీర

"బస్సు వద్దంటరు, రైలు వద్దంటరు. మరి గింత దూరం ఎట్లచ్చిండ్రే వీళ్ళు?" అని మంచంలోంచే అడిగాడు హన్మాండ్లు. చెరుకు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న నాటి నుంచి హోటల్లో ఓ మూల మంచం వేయించుకుని, అన్ని సంగతులూ అక్కడినుంచే విచారిస్తున్నాడు.

"లారీలల్ల. లారీ దొరకనికాడ నడక" అంది అతని పెళ్ళాం గంగుబాయి, చాయ్ వడపోస్తూ.

బోధన్ బస్టాండు ఎదురుగా ఉన్న ఆ చిన్న హోటల్లో అందరి చూపూ ఒకే బల్ల మీద ఉంది. దొర ఒకడు, దొరసాని ఒకతె. ఇద్దరికీ జుట్టు భుజాల దాకా ఉంది. ఇద్దరి పక్కనా మనిషెత్తు సంచులున్నాయి. వాటిని వీపుకు కట్టుకుని దేశాలన్నీ తిరిగే హిప్పీలట.

"గింత తెల్లగున్నోళ్ళకు మూటలు మోసే కర్మమేంది గంగక్కా?" అన్నాడు చెరుకు కొట్టి తోలే బండ్ల భూమన్న.

"సూడనీకి అచ్చిండ్రట. గోల్కొండ సూసిండ్రు, బీదర్ సూసిండ్రు. పొద్దుగాల మన చెరుకు చేన్ల పొంటి సుత నడిచిండ్రట."

"చెరుకుల ఏముందని?"

"నువ్వు దినాం కొడతవు గన్క నీకు కనవడది."

గంగుబాయి చాయ్ గ్లాసులు వాళ్ళ ముందు పెట్టి, ఇక్కణ్నుంచి ఎటు పోతారని తనకొచ్చిన ఉర్దూలో అడిగింది. "ఆగే కహాఁ జాతే?"

దొరకూ ఆ భాష తొవ్వలో అంటిన నాలుగు మాటలే. "ఔరంగాబాద్" అన్నాడు. ఇంకేవో ఊళ్ళ పేర్లు నమిలాడు. "ఫిర్... కాందార్."

గంగుబాయి చేతిలో పళ్ళెం చేతిలోనే ఉండిపోయింది.

కంధార్ ఆమె పుట్టిన ఊరు, నాందేడు దిక్కున ఉంది. రాష్ట్రాలు విడదీసినప్పుడు ఊరు మహారాష్ట్రలోకి పోయింది, ఆమె ఇటు మిగిలింది. దానికి ఆమెకేం బాధ లేదు. బాధంతా తమ్ముడు ఆత్మారాంతో మాట పోయినందుకే. ఒక బర్రె దగ్గర వచ్చింది తగవు. ఆ బర్రె ఎప్పుడో చచ్చిపోయింది, పంతం మాత్రం చావలేదు. ఇన్నేళ్ళకు మొన్న తమ్ముడు మనిషితో కబురంపాడు. మాఘంలో బిడ్డ పెండ్లి. "మేనత్త చీర లేంది పిల్లను పీటల మీద కూసోవెట్ట. గిప్పుడు సుత చీర రాకుంటే, నాకిగ అక్క లేదనుకుంట" అన్నాడట.

ఆమె చీర కొని పెట్టింది. పోవడమే ఎట్లా? మొగుడు మంచంలో ఉన్నాడు. కార్ఖానాకు చెరుకు బండ్లు బారులు తీరిన కాలం, హోటల్ మూస్తే నడవదు. పోస్టులో వేస్తే చీర మారిపోతుందని ఆమె భయం.

"కాందార్ గాదు బిడ్డా, కంధార్" అని దిద్దింది.

"కాందార్" అన్నాడు దొర బుద్ధిగా.

"వాళ్ళకు కంధార్ల ఏం పనే? సరిగ్గ అడుగు" అన్నాడు హన్మాండ్లు.

"వహాఁ ఖిలా హై?" అంది గంగుబాయి, కోట సంగతి ఎత్తి పరీక్ష పెడుతున్నట్టు.

"హాఁ! ఖిలా! బహుత్ పురానా!"

"దర్గా?"

"హాఁ, హాఁ!"

దొరసాని ఊరుకోలేక రెండు చేతులూ గుండ్రంగా పట్టి చూపించింది. "అనార్! ఇత్నా బడా! హమ్ ఉధర్ సే ఆయా!"

"సూసినవా! మా ఇంటి ముందటి దానిమ్మ చెట్టు సుత ఎర్కే వీళ్ళకు! అచ్చేటప్పుడు గా ఊరు మీద్నుంచే అచ్చిండ్రట."

"ఔరంగాబాద్ దాక పోయి మల్ల ఎనుకకు కంధార్ అస్తరా?"

"తిరగనీకే బయిలెల్లినోళ్ళాయె. నీ లెక్క సక్కగ పోయి మంచాన పడతరా?"

ఎప్పుడు చేరుతారని అడిగితే, ఫిబ్రవరి అన్నాడు దొర. అంటే మాఘమే. గంగుబాయి ఇక ఆగలేదు. చీర, రవికె గుడ్డ, గాజులు, ఆర్మూరు పసుపు కొమ్ములు కలిపి మూట కట్టింది. దొరసాని చేతిలో పెట్టి, "మేరా భాయి. ఆత్మారాం. కపడే కీ దుకాన్" అని ఆమె నోట అప్పజెప్పించుకుంది.

"బట్టల దుకాణపోనికి చీర పంపుడేందే?" అన్నాడు హన్మాండ్లు.

"మేనత్త చీర దుకాణంల దొరుకుతదా?"

దొరసాని మూటను సంచిలో అడుగున పెట్టుకుంది. "భాయి... బహుత్ దూర్" అంది, జాలిగా.

"దూరమే బిడ్డా. ఏం జేస్త మరి" అంది గంగుబాయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. చెరుకు దింపి వెళ్తున్న లారీ ఎక్కి వాళ్ళు వెళ్ళిపోయారు.

దొరసాని మాట తప్పలేదు. మాఘంలో, చలి ఇంకా విడవని ఓ పొద్దున, బజారులో రొట్టెలు కాలుస్తున్నవాణ్ని అడిగింది. "ఆత్మారాం, కపడే కీ దుకాన్?" అతడు వేలితో చూపించాడు. దుకాణంలో తల నెరిసిన మనిషి తానులు సర్దుతున్నాడు.

"ఆత్మారాం?"

అవునని తలూపాడు. ఆమె మూట ఇచ్చింది. "బెహన్ నే భేజా. శాదీ."

అతడు ముడి విప్పాడు. చీర చూశాడు, పసుపు వాసన చూశాడు. తోడబుట్టినదాని నుంచి ఏళ్ళ తరబడి కబురు లేని మనిషి. "బెహన్ నే?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. చీర కళ్ళకద్దుకుని, లోపలినుంచి బిడ్డను పిలిచి, ఆమె భుజాల మీద కప్పాడు. దొర, దొరసాని కూడా ఏడ్చారు.

ఆ ఊరు అఫ్ఘానిస్తాన్‌లోని కందహార్, ఆ మనిషి ఇంకో ఆత్మారాం.