మంత్రాలు లేవన్న సారు

కత్తి దిగగానే నిమ్మకాయ నుంచి ఎర్రగా రసం కారింది. ఖిల్లా కింది బస్తీలో, కమ్యూనిటీ హాలు ముందు గుమిగూడిన జనం రెండడుగులు వెనక్కి జరిగారు.

"రక్తం గాదు," అన్నాడు జనార్దన్ సార్. "కత్తికి ముందుగాలనే మందు పూసిన. పులుపు తగిలితే ఎర్రగైతది. బాబాలు చేసేది గిదే. మంత్రాల్లేవ్, తంత్రాల్లేవ్."

మెదక్‌లో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. బడిలో సైన్సు చెబుతూనే పాతికేళ్లుగా ఊరూరా ఈ ప్రదర్శనలిస్తున్నాడు. ఎవరి మీద చేతబడి నింద పడ్డా పోలీసులు ముందు ఆయనకే ఫోన్ చేస్తారు.

ఈసారి నింద గాలయ్య మీద. డెబ్భై ఏళ్ల ముసలాయన. పక్కింటి పరశురాం కూతుర్ని చూసి "బిడ్డ కండ్లు పచ్చగున్నయ్" అన్నాడు. మర్నాడే పిల్ల మంచం పట్టింది. పొద్దున పరశురాం పట్కారు తీసుకుని గాలయ్య ఇంటి మీదికి పోయాడు. పళ్లు పీకేస్తే మంత్రగాడి నోట మంత్రం పలకదని అతని నమ్మకం. ఎస్సై సుమన వేళకు వచ్చి అడ్డుపడింది.

"సారూ, జర ఆగుండ్రి." పరశురాం గుంపును తోసుకుని ముందుకొచ్చాడు. "అది మీ కత్తి. గిది మా ఇంటి కత్తి, మా ఇంటి నిమ్మకాయ. దీన్ని కోసి చూపియ్యుండ్రి. అప్పుడు నమ్ముత."

ఓ మూల కుర్చీలో ముడుచుకు కూర్చున్న గాలయ్య తలెత్తలేదు. సుమన చెయ్యి లాఠీ మీదికి పోయింది.

జనార్దన్ ఆ నిమ్మకాయ వంక కాసేపు చూశాడు. అందుకున్నాడు. కోశాడు.

ఎర్రగా కారింది.

"ఇదెట్లయింది?" పరశురాం కత్తి లాక్కుని చూశాడు.

"మందు నా గోరు సందుల ఉన్నది. నువ్వు కత్తినే చూసుకుంట నిలవడ్డవ్, నా గోరును చూడలే. మీ కండ్ల ముంగట్నే మోసం చేసిన. మంత్రగాళ్లంత మోసగాళ్లే, నాతో సహా."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. చప్పట్లు మోగాయి.

"పిల్లకు కామెర్లయినట్టున్నయ్, పరశురాం," అన్నాడు జనార్దన్. "గాలయ్య చెప్పింది గదే. దవాఖానకు తీస్కపో."

పరశురాం తల గీరుకుంటూ గాలయ్య వైపు ఓసారి చూసి, ఆటో కోసం పరుగెత్తాడు. చప్పట్లు ఆగేదాకా జనార్దన్ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

గాలయ్య మెల్లగా లేచొచ్చి కాళ్ల మీదికి వంగబోయాడు. జనార్దన్ చటుక్కున వెనక్కి తగ్గాడు.

"వద్దు తాతా. నా కాళ్లు మొక్కొద్దు."

"నా పండ్లు నిలవెట్టినవ్ సారూ," అంటూ ముసలాయన నోరారా నవ్వాడు.

ఆ నోటి వైపు చూడలేక జనార్దన్ ముఖం తిప్పుకున్నాడు.

ఇంటి దగ్గర దింపుతానని సుమన జీపెక్కించుకుంది. కొంత దూరం పోయాక అడిగింది.

"ఎన్నోసార్లు చూసిన సార్. చప్పట్లు కొట్టంగనే మీ ముఖం మాడిపోతది. ఎందుకు?"

జీపు చర్చి దాటింది.

"మా నాయన పండ్లు పీకిండ్రు, మేడం."

సుమన బండి వేగం తగ్గించింది.

"మాది రేగోడ్ దిక్కు చిన్న పల్లె. నాయన పేరు నర్సింగం. పొలానికి నీళ్లు మలుపుకునే కాడ పంచాయితీ వడి, ఒకాయన నాయనను చెప్పుతోటి కొట్టిండు. గా పొద్దే ఆయన గడ్డివాము అంటుకున్నది. అగ్గి వెట్టినోడు లేడు. నర్సింగం మంత్రమేసిండన్నరు. ఊరంత మా ఇంటి మీదికొచ్చింది."

"మీరప్పుడు ఏడున్నరు?"

"గుంపులనే ఉన్న. పదిహేడేండ్లు. నోరు తెర్వలే." అరచేతులు చూసుకున్నాడు. "నాయన నేనే చేసిన అని ఒప్పుకున్నడు."

"దెబ్బలకు తాళలేక ఒప్పుకొని ఉంటడు."

జనార్దన్ రోడ్డు వైపు చూశాడు. నర్సింగం ఒప్పుకునేసరికి ఇంకా ఒక్క దెబ్బయినా పడలేదు. గుంపులో వేలెవరి మీదికి లేస్తుందోనన్నట్టు నర్సింగం నలుదిక్కులా చూశాడు. కొడుకు దగ్గర చూపు ఆగింది. అప్పుడే గడప దిగి ముందుకొచ్చి, తనే చేశానన్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. రొట్టెను పులుసులో నానబెట్టుకుని తినేవాడు. నలుగురిలో ఉంటే తువ్వాల నోటికి అడ్డం పెట్టుకునేవాడు. కొడుకుని ఒక్క మాట అడగలేదు. సైన్సు చదవమని మాత్రం చెప్పాడు.

"తడిగడ్డి కుప్పేస్తే లోపల ఉడికి దానంతటదే అంటుకుంటది. బడిల మీరే చెప్తరు గద సార్," అంది సుమన.

"చెప్త, మేడం."

ఇల్లొచ్చింది. జీపు దిగి, తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"పాపం. ఏ మంత్రం రాని మనిషిని గంత గోస వెట్టిండ్రు," అంది సుమన.

"రాదు మేడం. మా నాయనకు ఒక్క మంత్రం రాదు."

ఈ ఒక్క మాట ఆమె కళ్లలోకి చూసి చెప్పాడు. ఆమె తలూపి జీపు తిప్పుకుంది.

గడ్డివాము మంత్రంతోనే అంటుకుంది; కాకపోతే ఆ మంత్రం నర్సింగానిది కాదు, గుంపులో నోరు మూసుకుని నిలబడ్డ కొడుకుది.